శేషాచలంలో మూడు రోజుల నడక: రాత్రి అడవిలోనే ఉండాలా, దిగి ఊళ్లో పడుకోవాలా?

బాటసారి (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. నవంబరు చివరి వారంలో మేం ఆరుగురం శేషాచలం కొండల్ని ఈ వైపు నుంచి ఆ వైపుకి నడిచి దాటాలనుకుంటున్నాం. రైల్వే కోడూరు దిక్కున అడవిలోకి దిగి, గుంజన జలపాతం చూసుకుని, వంకల వెంబడి పైకెక్కాలి. రెండు రాత్రులు మడుగుల పక్కన గుడారాలు వేసుకుని, మూడో రోజు సాయంత్రానికి తలకోన చేరాలి. మాలో నలుగురు హిమాలయాల్లో నడిచినవాళ్లే. ఇదివరకు ఎవరో నడిచిన దారి ఫైలు ఫోన్‌లో పెట్టుకున్నాం. నవంబరే ఎందుకంటే జలపాతాలు నిండుగా దూకేది అప్పుడే కాబట్టి. రెండు సంగతులు అడగాలి. స్థానికుల్ని వెంటబెట్టుకోక తప్పదా? రాత్రి బస సంగతి మీరేమంటారు? నా మటుకు నాకు, రాత్రి అక్కడ ఉండని నడకకి అంత దూరం రావడం దండగ.

కోడూరోడు:
వద్దన్నా. మాది కోడూరు పక్కన పల్లె. నువ్వు చెప్పే దోవ మా వాళ్లకి కొత్త కాదు. శివరాత్రికి తలకోన సిద్ధేశ్వరస్వామి గుడికి మా వైపు నుంచి అడవిలో నడుచుకుంటానే పోతారు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అట్లా రాత్రిపూట పోతాన్న వాళ్ల మీద ఓబులవారిపల్లె మండలం గుండాలకోన కాడ ఏనుగులు పడినాయి. ముగ్గురు చచ్చిపోయినారు. వాళ్లు ఆ చుట్టుపక్కల ఊర్లోళ్లే, అడవి ఎరగనోళ్లు కాదు. మీ ఫోన్‌లో ఉండే గీతకి ఏనుగులు ఈ వారం ఏ కోనలో ఉండాయో తెలుస్తుందా?

కొండదారి (చెన్నై):
ఆ కుటుంబాలకి జరిగింది ఎంత చెప్పినా తీరని నష్టం. అయినా దాన్ని చూపి రాత్రి బసే వద్దనడం నేను ఒప్పుకోను. ఆ రాత్రి వాళ్లు నడుస్తున్నారు. చీకట్లో నడవడం వేరు, పొద్దుండగానే ఒకచోట ఆగి, మంచి జాగా చూసుకుని, కదలకుండా ఉండడం వేరు. ఈ కొండల్లో ఎక్కువ ప్రమాదాలు సాయంత్రం నాలుగు, ఆరు మధ్యనే జరుగుతాయని నా గట్టి నమ్మకం. చీకటి పడేలోపు రోడ్డెక్కాలన్న తొందరలో తడిబండ మీద కాలు జారుతుంది, వచ్చిన దారి వదిలి అడ్డదారి పడతారు. రోజూ దిగి రావాలని నియమం పెడితే ఆ తొందర రోజూ ఉంటుంది.

ఇంకో మాట. ఆ అడవిలో దేవాంగపిల్లి (కోతులకి బంధువైన చిన్న జీవం) ఉంది, బంగారు బల్లి ఉంది. రెండూ రాత్రి తిరిగే జీవాలే. పొద్దున తొమ్మిదికి ఎక్కి సాయంత్రం దిగేవాడికి సగం అడవి జన్మలో కనపడదు. పైగా మంచి ఉద్దేశంతో నడిచేవాళ్లని దూరం పెడితే లోపల మిగిలేది గొడ్డలి పట్టుకున్నవాళ్లే. నడిచేవాళ్ల రాకపోకలు ఉంటే దొంగలకి జంకు ఉంటుంది.

పాత బీటు:
నేను అటవీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇటువంటి ప్రశ్నలు చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు చట్టం సంగతి. శ్రీవెంకటేశ్వర జాతీయ ఉద్యానం 353 చదరపు కిలోమీటర్లు, 1989 నుంచి ఉంది. దాన్నీ కలుపుకుని చుట్టూ 4,755 చదరపు కిలోమీటర్లని 2010లో శేషాచలం జీవావరణ మండలంగా ప్రకటించారు. జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దారి ఫైలు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. దాన్ని పెట్టినవాడు అనుమతితో నడిచాడో లేదో కూడా మీకు తెలియదు.

నడిచేవాళ్లుంటే దొంగలు జంకుతారన్న మాటకి జవాబు చెప్పాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. ఆ దుంగల కోసం ఏం జరుగుతుందో 2015 ఏప్రిల్ 7న దేశమంతా చూసింది. ఆ రోజు ఈ అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. రాత్రి ఒక కోనలో మంట కనపడితే, గట్టు మీద గస్తీ తిరిగేవాడికి అది పర్యాటకుల వంట పొయ్యో, దుంగలు కొట్టేవాళ్ల మకామో తెలిసే దారి లేదు. దుంగలవాళ్లకీ మీరెవరో తెలియదు. ఆ రెండు వర్గాల మధ్యన, ఎవరికీ చెప్పకుండా, ఆరుగురు పడుకుని ఉండటం ధైర్యం అనిపించుకోదు.

ఇక నీళ్లు. మీ ఆలోచనలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఏనుగులు కాదు, నవంబరు. చిత్తూరు, కడప వైపు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా గట్టిగానే పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్కో వాయుగుండం ఒక్కో రకంగా కురుస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి కింది ఊళ్లు మునిగాయి. ఆ వానలకే తిరుమల శ్రీవారి మెట్టు నడకదారి కోసుకుపోయి, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. మెట్లు కట్టి, మనుషుల్ని పెట్టి చూసుకునే దారికే ఆ గతి పట్టింది.

ఈ కొండల పైభాగం గట్టి క్వార్ట్జైటు బండ. నీరు దానిలోకి ఇంకదు, పడింది పడినట్టు కోనలోకి జారుతుంది. కోన గోడలేమో నిట్టనిలువు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో గంట వాన పడితే చాలు. మడుగు పక్కన మెత్తటి ఇసుక కనపడితే గుడారం వేయబుద్ధవుతుంది. ఆ ఇసుకని అక్కడికి తెచ్చింది వరదే. ఒక్కసారి తలెత్తి ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలు చూడండి. ఎండిన కసువు, పుల్లలు, తీగలు కొమ్మల పంగల్లో చుట్టుకుని కనపడతాయి, కొన్నిచోట్ల మనిషి ఎత్తుకి పైన. కిందటి వరద అంత ఎత్తున పారిందని ఆ కసువు చెబుతుంది. పగలైతే తేట నీరు టీ రంగుకి తిరగడం, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకు రావడం కంటికి కనపడుతుంది, వెంటనే గట్టెక్కొచ్చు. రాత్రి నిద్రలో ఉన్నవాడికి అది ఎలా తెలుస్తుంది?

బాటసారి:
సార్, ఇంత ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. అనుమతి తీసుకునే వెళ్తాం, అందులో రెండో మాట లేదు. కానీ గుడారం ఇసుకలో కాకుండా ఎత్తుగా ఉన్న గట్టు మీద వేసుకుంటే వరద భయం తీరుతుంది కదా? హిమాలయాల్లోనూ నదీగర్భంలో ఎవరూ వేయరు. ఆ జాగ్రత్తలు మాకు అలవాటే.

పాత బీటు:
హిమాలయాల్లో మీరు నడిచిన దారులు ఏటా వేలమంది నడిచేవి. మకాం వేసే జాగాలు ఎప్పటి నుంచో స్థిరపడినవి. ఇక్కడ గట్టు మీదికి చేరాలంటే ముందు కోన గోడ ఎక్కాలి. ఎక్కాక పైన నీళ్లుండవు. నీళ్లున్నచోట జాగా ఉండదు, జాగా ఉన్నచోట నీళ్లుండవు, ఈ కొండల తీరే అంత. తిరుమల ఘాట్ రోడ్డులో కింది గ్రానైటూ పైన పరుచుకున్న క్వార్ట్జైటూ కలిసేచోట ఒక గీత కనపడుతుంది, ఆ రెంటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఈసారి బస్సులో కొండెక్కేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని చూడండి. మీరు ఎరిగిన హిమాలయాలు ఈ రాళ్ల ముందు నిన్న పుట్టినవి, అక్కడ నేర్చిన లెక్కలు అన్నీ ఇక్కడ పనికిరావు.

పౌర్ణమి (తిరుపతి):
నాకు మొదటి పోస్టులో చివరి వాక్యం నచ్చలేదు, అందుకే రాస్తున్నాను. రాత్రి ఉండని నడక దండగ అన్నారు. మా అమ్మావాళ్ల తరం నుంచి తీర్థ ముక్కోటికి, అంటే తిరుమల కొండల్లోని తీర్థాల్లో స్నానం చేసే పండగకి, నడుస్తున్నాం. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబుర. అరవై దాటిన ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, చేతికర్రతో పాపవినాశనం నుంచి తుంబుర దాకా నడుస్తారు. అక్కడ కొండ నిలువునా రెండుగా చీలినట్టుంటుంది. ఆ సందులో, తాడు పట్టుకుని నీళ్లలో ఒకరి వెనక ఒకరు పోతుంటే పైన ఆకాశం సన్నటి పట్టీలా కనపడుతుంది. చలికి పళ్లు కొట్టుకుంటాయి. దాన్ని చూడటానికి ఎవరికీ గుడారం అవసరం రాలేదు.

అనుమతి ఇచ్చిన రోజున, పదిమందితో, వెలుతురు ఉండగా వెళ్లి రావడం మా పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఆ పద్ధతి భక్తి కోసం మాత్రమే పుట్టిందని నేను అనుకోను. అడవి గురించి వాళ్లకి తెలిసిందంతా అందులో ఉంది.

కొండదారి:
అక్కా, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ముక్కోటి రోజున దారి పొడుగునా నీళ్లు, అన్నం, తాళ్లు, సిబ్బంది ఉంటారు. మిగతా ఏడాదంతా ఆ తీర్థాల దారులు మూసే ఉంటాయి. ఏడాదికో రోజు చాలంటే, కొండల మీద ఇష్టం ఉన్న కుర్రవాళ్లు దొంగదారిన పోతారు, పోతున్నారు కూడా. ప్రమాదమంతా అక్కడుంది.

మా తమిళనాడు సంగతి చూడండి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా నడకవాళ్లు చనిపోయారు. ఆ దెబ్బతో దారులన్నీ మూసేసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. 2024 అక్టోబరులో ప్రభుత్వమే 40 నడకదారులు గుర్తించి, ఆన్‌లైన్‌లో టికెట్టు పెట్టి, అడవి అంచు పల్లెల యువతకి శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. ఆంధ్రాలో అలాంటి ఏర్పాటు ఎందుకు రాకూడదు? శేషాచలంలో రెండు మూడు చోట్ల స్థిరమైన మకాములు కట్టి, రాత్రికి ఇంతమందే అని లెక్క పెట్టండి. బీటు సార్ చెప్పిన భయాలు చాలావరకు తీరతాయి, ఎందుకంటే ఎవరు ఎక్కడ పడుకున్నారో శాఖకి తెలుస్తుంది.

పాత బీటు:
ఏర్పాటు రావాలన్న మాటకి నా పూర్తి మద్దతు. అయితే ఆ 40 దారులు చాలావరకు పగటి నడకలే. అక్కడివాళ్లూ ముందు పగటితోనే మొదలుపెట్టారు. దేవాంగపిల్లి గురించి మీరు రాసింది చదివాను. రాత్రి తిరిగే ఆ చిన్న ప్రాణికి టార్చి వెలుతురు కళ్లల్లో పడితే ఉన్నచోట బిగుసుకుపోతుంది. రోజుకో గుంపు టార్చీలతో వస్తే, మీరు చూడాలని వచ్చిన జీవమే ఆ చోటు వదిలిపోతుంది. పరిశోధన కోసం ఇద్దరు ముగ్గురు ఉండటం వేరు.

సిరి (నర్సు):
ఒక్క విషయం మర్చిపోతున్నారు. రక్తపింజరి కాటేస్తే కట్టు కట్టి కూర్చుంటే సరిపోదు, విరుగుడు మందు ఎక్కించే ఆసుపత్రికి చేరాలి. కరిచిన మనిషిని నడిపించకూడదు కూడా, మోయాలి. ఆరుగురిలో ఒకరు పడితే నలుగురు మోస్తారు, ఒకరు దారి చూపిస్తారు. ఆ బండల మీద, చీకట్లో, సిగ్నల్ లేనిచోట, ఎన్ని గంటలు పడుతుందో లెక్క వేసుకునే మకాం ఎక్కడో తేల్చుకోండి. కాలు విరిగినా ఇదే లెక్క.

కోడూరోడు:
గైడు సంగతి ఎవురూ తేల్చలే. అన్నా, యానాదుల్ని పిలుచుకుని పోండి. తేనెకి, గడ్డలకి ఆ కోనలన్నీ తిరిగినోళ్లు. ఏనుగు లద్ది చూసి అది ఈ పొద్దుదా నిన్నటిదా చెప్తారు. వాసన పట్టి ఆగమంటారు, ఆగాల. కూలి దగ్గర బేరం ఆడొద్దండి. మీరు బూట్లకి పెట్టే దుడ్డులో అది ఒక మూలకి రాదు. ఇంకోటి, మూటలు మోసేదానికి పిల్చుకుని పోయి దోవ మీరు చూపీడం కాదు. ఆయప్ప ముందు, మీరు వెనక.

బాటసారి:
అందరి మాటలూ మావాళ్లకి చదివి వినిపించాను. నవంబరు మానుకుని సంక్రాంతి తర్వాతికి మార్చుకుంటున్నాం. కొండలు దాటే ఆలోచన పక్కనపెట్టి, మొదటి రోజు తలకోనలో కింది జలపాతం నుంచి పైకి, రెండో రోజు మామండూరు వైపు, మూడో రోజు శ్రీవారి మెట్టు మీదుగా తిరుమల. రాత్రులు అటవీ శాఖ వసతి దొరికితే అందులో, లేకపోతే ఊళ్లో. కొండదారి గారి వాదన నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తోంది. అధికారికంగా మకాములు పెడితే మొదట దరఖాస్తు చేసేది మేమే. జనవరిలో తలకోనలో నీళ్లుంటాయా?

పాత బీటు:
వానలు బాగా పడిన ఏడు జనవరిలోనూ ధార బాగానే ఉంటుంది. తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, సన్నగా పడినా చూడదగిందే. మార్చి వచ్చిందంటే కార్చిచ్చు భయం మొదలవుతుంది, ఫిబ్రవరి దాటనీయకండి. తలకోన దగ్గర వన సంరక్షణ సమితి వాళ్లని అడిగితే దారి చూపే మనిషిని ఇస్తారు. మడుగుల్లో దూకొద్దు. పైకి తేటగా ఉన్నా అడుగున బండల సందులుంటాయి, ఈతొచ్చినవాళ్లే ఎక్కువ పోయారు.

దరఖాస్తు డివిజనల్ అటవీ అధికారికి ముందుగానే పెట్టండి. ఆరుగురి పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబరు, ఏ రోజు ఏ గేటులో లోపలికి, ఎన్నింటికి బయటికి అన్నది రాయండి. బయటికొచ్చాక గేటులో చెప్పే వెళ్లండి. చెప్పకుండా హోటలుకి పోయి పడుకుంటే, మీ కోసం నలుగురు సిబ్బంది రాత్రంతా కోన వెతకాల్సి వస్తుంది.

కొండదారి:
స్థిర మకాముల మీద విడిగా ఒక చర్చ మొదలుపెడుతున్నాను, అటవీ శాఖకి పంపే వినతిపత్రం ముసాయిదా అందులో పెడతాను. బీటు సార్, ఎక్కడెక్కడ మకాం పనికిరాదో మీరు అక్కడ రాస్తే మేలు. కోడూరు తమ్ముడు, యానాది గైడ్ల కూలి ఎంత ఉండాలో పల్లెలో కనుక్కుని చెప్పాలి. ఆ అంకె మనం కూర్చుని వేసేది కాదు.