నది స్క్రోల్ బొమ్మలో ఆకాశం అంత నల్లగా ఎందుకుంది?

గట్టుమీదోడు: న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో జపాన్ చిత్రకారుడు ఇతో జకుచు స్క్రోల్ (చుట్టలా చుట్టి పెట్టే పొడవాటి కాగితం బొమ్మ) చూస్తున్నా. 1767 ప్రాంతం నాటిది, యోదో నది మీద ఫుషిమి నుంచి ఒసాకాకు పడవ ప్రయాణం, పొడవు 11 మీటర్లు దాటుతుంది. ఆకాశమంతా కారునలుపు. అంటే పడవలో వాళ్లు రాత్రి వెళ్లారా? ఇంకోటి, ఫోన్‌లో మొత్తం పెడితే సన్నగా గీతలా కనిపిస్తోంది, జూమ్ చేస్తే ఎక్కడున్నానో తెలియట్లేదు. దీన్ని ఎలా చూడాలి?

శాసనప్రియ: నలుపు చూసి రాత్రి అనుకోకండి, అది అచ్చు తీసిన పద్ధతి వల్ల వచ్చింది. మన దగ్గర రాతి శాసనం మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు కదా, దాదాపు అదే పని చెక్క మీద చేశారు. చెక్కిన గుంటలోకి కాగితం దిగిపోతుంది, అక్కడ సిరా అంటదు, గీత తెల్లగా మిగిలిపోతుంది. పక్కన పద్యాలు జకుచు స్నేహితుడు, జెన్ బౌద్ధ సన్యాసి దైతెన్‌వి. ఆ పడవలో ఇద్దరూ ఉన్నారు.

రవి_హైద్: కుడి చివర నుంచి మొదలెట్టండి. అసలు స్క్రోల్‌ని ఎడమ చేత్తో విప్పుతూ, చూసేసిన భాగాన్ని కుడి చేత్తో చుట్టేస్తూ పోతారు, ఒకసారికి రెండు చేతుల మధ్య ఎంత పడితే అంతే. పడవలో కూర్చున్నవాడికి గట్టు కనిపించేదీ ముక్కముక్కగానే కాబట్టి నదికి ఇది భలే కుదిరింది. ఫోన్ అడ్డంగా తిప్పి, బొమ్మ ఎత్తు తెర నిండేలా పెట్టి జరుపుతూ వెళ్లండి. టోక్యోలోని సుమిద నది మీద 1781లో త్సురుఓకా రోసుయి చేసినవైతే ఏకంగా రెండు స్క్రోల్స్, తూర్పు గట్టుకొకటి, పడమటి గట్టుకొకటి!

టోక్యో తెలుగు: వంతెనలు కావాలంటే కిదై షోరాన్ అనే స్క్రోల్ చూడండి. 1805 ప్రాంతపు ఎదో నగరం (ఇప్పటి టోక్యో) వీధి, 12 మీటర్ల పైనే, 1671 మంది మనుషులు (ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు). ఇమగావా వంతెన దగ్గర మొదలై, కొట్లన్నీ దాటి నిహోంబాషి వంతెన దగ్గర ముగుస్తుంది, అక్కడ చేపల మార్కెట్, కావళ్లు మోసేవాళ్లు, కింద సరుకు పడవలు, నిలబడటానికి చోటుండదు. అసలుది బెర్లిన్‌లో ఉంది. టోక్యోలో మిత్సుకోషిమాయె స్టేషన్ అండర్‌గ్రౌండ్ దారిలో దాని పెద్ద నకలు పెట్టారు, టికెట్ లేకుండానే చూడొచ్చు.

గట్టుమీదోడు: థాంక్స్ అందరికీ, అడ్డంగా తిప్పాక బాగుంది. మరి ఒసాకా నుంచి పైకి ఎలా వచ్చేవాళ్లు, అదంతా ఏటికి ఎదురే కదా?

శాసనప్రియ: గట్టు మీద మనుషులు నడుస్తూ తాళ్లతో లాగేవాళ్లండీ. దిగడం కంటే బాగా ఆలస్యం.