అప్‌డేట్: బ్యాండ్ సా వణుకు పోయింది, కోత కూడా దారికొచ్చింది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న చవక బ్యాండ్ సా (చక్రాల మీద తిరిగే పట్టీలాంటి బ్లేడ్‌తో చెక్క కోసే మిషన్) వణుకుతోందని, టేకు దిమ్మ చీలుస్తుంటే బ్లేడ్ గీత తప్పుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

వణుకుకు కారణం వీ-బెల్ట్, అంటే మోటార్ నుంచి మిషన్‌ను తిప్పే బెల్టు. ఏళ్ల తరబడి ఆడకుండా పడి ఉండటంతో పుల్లీల దగ్గర వంగిన చోటే బిగుసుకుపోయింది. విప్పి బల్ల మీద పెట్టినా కోడిగుడ్డు ఆకారంలోనే ఉంది! దాని బదులు లింక్ బెల్ట్ (చిన్న ముక్కలు గొలుసులా కలిపిన బెల్టు) వేశాక, మిషన్ ఆడుతుండగా టేబుల్ మీద రూపాయి బిళ్ళ అంచు మీద నిలబడుతోంది. కొందరు అనుమానించిన మోటార్‌ను రివైండింగ్ షాపులో చూపిస్తే, దానికేం కాలేదన్నారు.

గీత తప్పడానికి కారణం బ్లేడే. అంగుళానికి 14 పళ్ళున్నది తీసి 3 పళ్ళది వేశాను. సన్న పళ్ళ సందుల్లో పొట్టు ఇరుక్కుని బ్లేడ్‌ను పక్కకు నెట్టేది. బ్లేడ్ పక్కకు కదలకుండా ఆపే గైడ్ బేరింగులు మార్చే పనే పడలేదు.