సమస్య: “నీటిలోఁ గాలె మోదుగ నిప్పుపూలు”

నిర్వాహకుడు, నల్లగొండ:
ఫాల్గుణ పూర్ణిమను మన వైపు కాముని పున్నమ అనే పిలుస్తారు కనుక ఈ వారం సమస్యను, అంటే మీరు చివరి పాదంగా పెట్టి పద్యం పూరించవలసిన పాదాన్ని, ఆ పండుగ నుంచే ఇస్తున్నాను. పాదం తేటగీతిలో ఉన్నది. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరవలసిన మైత్రి, నాలుగవ గణం మొదటి అక్షరానికి. ఆకు రాల్చిన మోదుగు చెట్టు నిండా ఎర్రగా పూసే ఈ రోజులలో, ఆ నిప్పు నీటిలో ఎట్లా కాలిందో మీరే చెప్పాలి.

దేవరకొండ సభ్యులు:
కామ పున్నమి రాతిరి కాగుఁ బెట్టి
పొయ్యిపై నాయనమ్మయే పోసె నీరు
రంగు లాడెడి పిల్లలు రాక మునుపె
నీటిలోఁ గాలె మోదుగ నిప్పుపూలు

నిర్వాహకుడు:
పూలను నీళ్లలో మరిగించి రంగు తీసే ఆచారాన్నే పట్టుకోవడం వల్ల పూరణ సహజంగా కుదిరింది. అయితే రెండవ పాదాన్ని విడిగా చదివితే మీ నాయనమ్మ గారు పొయ్యి మీదనే నీళ్లు గుమ్మరించినట్లున్నది. అప్పుడు పూలు కాలడం మాట అటుంచి పొయ్యే ఆరిపోతుంది. “పొంగఁ గాచ” అంటే యతి చెడదు, అన్వయం కూడా కుదురుతుంది.

నాగర్‌కర్నూల్ సభ్యులు:
చెరువు కట్టపైఁ బూచిన చెట్ల నీడ
పొద్దు గుంకెడి వేళలోఁ బొరలి యాడ
అలల కదలిక మంటయై యలరుచుండ
నీటిలోఁ గాలె మోదుగ నిప్పుపూలు

నిర్వాహకుడు:
ప-బ యతి చక్కగా ఉన్నది. కాముడు కనిపించకపోయినా చెరువు కనిపించింది, నాకు అది చాలు.

మిర్యాలగూడ సభ్యులు:
మరుఁడు భస్మమై పోవఁగా మనసు పగిలి
రతికిఁ గన్నీరు ధారయై రాలుచుండ
విల్లు వీడిన తూపులై విఱిగి పడుచు
నీటిలోఁ గాలె మోదుగ నిప్పుపూలు

నిర్వాహకుడు:
శివుని మూడవ కంటికి మన్మథుడు బూడిదైన కథను రతి కన్నీటి వైపు నుంచి చూడడం నాకు బాగా నచ్చింది. చిక్కల్లా మూడవ పాదంలోనే ఉన్నది. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం అనే అయిదే మరుని బాణాలు. వాటిలో మోదుగు లేదు. సంస్కృత కవులు వంకర తిరిగిన కింశుకాన్ని, అంటే మోదుగు పువ్వును, మన్మథుని గోళ్లతో పోల్చారు కనుక “విభుని వాడి గోళ్లనఁదగు వింత దోఁప” అని మార్చి చూడండి.

వనపర్తి సభ్యులు:
మూడు పూరణలలోనూ జాజిరి పాట ఒక్కసారి కూడా వినిపించలేదు. కోలలు కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగి బియ్యమో జొన్నలో అడిగే పిల్లలు, కాముని మంటకు కట్టెలు, పిడకలు ఎత్తుకుపోయే పిల్లలు లేని కాముని పున్నమ ఏమి పున్నమ? ఒక ఏడు మా దొడ్డి తలుపే ఆ మంటలో కనిపించింది. ఇంకొక సందేహం: మరిగినదాన్ని “కాలె” అనవచ్చునా?

దేవరకొండ సభ్యులు:
ఛాయ్ కాలుతున్నదని రోజూ అనే మనకు ఆ సందేహం అక్కరలేదు. ఆ నీళ్లలో వేలు పెట్టినవాడిని అడిగితే “కాలె” అనే చెప్తాడు. నేను పెట్టాను, చెప్తున్నాను. పిల్లలు రంగులకు వచ్చేది తెల్లవారాక, జాజిరికి వచ్చేది రాత్రి. మా కాగు పొయ్యి ఎక్కేది కూడా రాత్రే కనుక మీరన్న జాజిరిని చేర్చి సవరించాను.

కామ పున్నమి రాతిరి కాగుఁ బెట్టి
పొయ్యిపై నాయనమ్మయే పొంగఁ గాచ
జాజి రాడెడి పిల్లలు సాగి రాఁగ
నీటిలోఁ గాలె మోదుగ నిప్పుపూలు

నిర్వాహకుడు:
జ-స యతి చెల్లుతుంది. “జాజిరి + ఆడెడి” దగ్గర ఇకారసంధి మాట ఎవరైనా ఎత్తుతారని తెలుసు. కానీ పిల్లల నోట అది “జాజిరాట”గానే వింటాం కనుక నేను ఎత్తను.