కానిస్టేబుల్ ప్రాక్టీస్‌లో కాలి ఎముక నొప్పి, పరుగు ఆపాలా వద్దా?

మర్రిగూడ అమ్మాయి:
అందరికీ నమస్తే. నల్గొండలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. నాలుగు నెలలుగా రోజూ పొద్దున ఐదారు కిలోమీటర్లు ఉరుకుతున్నాను, అదీ రూమ్ ముందున్న సీసీ రోడ్డు మీదే, ఎందుకంటే గ్రౌండ్ దూరం, చీకట్లో ఒక్కదానివే పోవద్దని అమ్మ అంటుంది. మూడు వారాల నుంచి కుడికాలు లోపలి వైపు, చీలమండకు నాలుగు వేళ్ల పైన నొప్పి. మొదట్లో ఉరికాక గంటసేపు ఉండి పోయేది. ఇప్పుడు మెట్లు దిగినా లేస్తోంది, రాత్రి పక్కకు తిరిగినా సలుపు. రూపాయి బిళ్లంత జాగా, వేలు పెట్టి చూపించగలను, అక్కడ నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది. గోలీ వేసుకుని ఉరికితే ఆ పూట తెలియదు, సాయంత్రానికి డబుల్ అవుతోంది. పోయిన వారం ఒకచోట ఎక్స్‌రే తీసి ఏం లేదన్నారు. కోచింగ్ సార్ కండ పట్టింది, ఉరికితే అదే పోతుందంటున్నారు. ఊళ్లో వాళ్లు పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. ఇంకో భయం కూడా ఉంది, మాది ఫ్లోరైడ్ ఊరు, మా తాతకు నడుము వంగిపోయింది, నా ఎముకలూ అట్లనే ఉన్నాయేమోనని. ఆపితే ఇన్ని నెలల కష్టం పోతుందని ఏడుపొస్తోంది.

మళ్లీ ఎగ్జామ్ రాస్తున్నా:
ఆపెయ్ చెల్లె, ఈ రోజే. 2022 నోటిఫికేషన్‌లో నేను ప్రిలిమ్స్ పాసయ్యాను, డిసెంబర్‌లో ఈవెంట్స్, అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి పోటీలు మొదలు, నవంబర్‌లో నాకు అచ్చం ఇదే నొప్పి. గోలీల మీద గోలీలు వేసుకుని ఉరికాను. ఒకరోజు లాంగ్ జంప్ ప్రాక్టీస్‌లో దిగగానే కాల్లోంచి కట్టె విరిగిన సప్పుడు వచ్చింది. ఈవెంట్స్ రోజున నేను కాలికి కట్టుతో ఇంట్లో ఉన్నాను.

పాలమూరు ఫిజియో:
చూడకుండా తేల్చి చెప్పలేను కానీ నువ్వు రాసిన దాంట్లో రెండు మాటలు నాకు భయం పుట్టించాయి, రూపాయి బిళ్లంత జాగా, రాత్రి సలుపు. ఉరికే పిల్లలకు ఎక్కువగా వచ్చేది షిన్ స్ప్లింట్స్. అందులో నొప్పి ఎముక లోపలి అంచు వెంట బెత్తెడు పొడవునా పాకుతుంది, ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గుతుంది కూడా. ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి, పడుకున్నా పోని నొప్పి అయితే ఎముకలో సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమోనని చూస్తాం. మొదటి రెండు మూడు వారాల్లో అది ఎక్స్‌రేలో చాలామందికి కనపడదు, ఎముక మానడం మొదలయ్యాకే గుర్తు తేలుతుంది. ఆర్థో డాక్టర్‌ని అడిగి ఎంఆర్ఐ చేయించుకో. అప్పటిదాకా పరుగు, దుంకుడు, తాడాట బంద్, కట్టు వద్దు, మర్దన అసలే వద్దు.

పగులే అయితే, నువ్వు చెప్పిన చోట మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, ఎముక ముందు అంచు మీదైతే మాత్రం మొండిది. పీవీ సింధు 2022 కామన్వెల్త్‌లో కాలి స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే స్వర్ణం గెలిచింది, కానీ అదే నెలలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదులుకోవాల్సి వచ్చింది, మళ్లీ కోర్టులోకి వచ్చేసరికి 2023 జనవరి.

ఫ్లోరైడ్ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో దిట్టంగా, తెల్లగా కనిపిస్తుంది, లోపల మాత్రం పెళుసు. నీకు ఉందని అనట్లేదు, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావో తెలిస్తే వాళ్లు అది కూడా చూసుకుంటారు. ఇంకొకటి అక్కలా అడుగుతున్నా, నెలసరి సరిగ్గా వస్తోందా? ఏం తింటున్నావు?

దేవరకొండ పీటీ సార్:
తల్లీ, 2022లో ఆడపిల్లలకు పెట్టింది 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. లెక్కేస్తే గంటకు 9 కిలోమీటర్ల వేగం. దానికోసం సిమెంటు రోడ్డు మీద రోజూ ఆరు కిలోమీటర్లు అక్కర్లేదు. డాక్టర్ సరే అంటే సైకిల్ తొక్కు, దమ్ము నిలుస్తుంది. అరగంట గబగబా నడిచినా నొప్పి రాని రోజున నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడువు, అట్లా పదిసార్లు, రోజు విడిచి రోజు, మట్టి గ్రౌండ్ మీద మాత్రమే. అదే జాగా సలిపితే మళ్లీ నడకకు రా. ఒకసారి నీ బూట్లు తిరగేసి చూడు.

మర్రిగూడ అమ్మాయి:
చూశాను సార్. కుడి బూటు మడమ దగ్గర రబ్బరు మొత్తం అరిగి లోపలి గుడ్డ కనపడుతోంది. అక్కా, నెలసరి రాక మూడు నెలలైంది. బరువు తగ్గాను కదా, అందుకే అనుకుని ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఏం తినను, మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు, రాత్రి అన్నం మానేశాను.

పాలమూరు ఫిజియో:
ఈ మాట ఆర్థో డాక్టర్‌కూ చెప్పు, గైనిక్ డాక్టర్‌కూ చూపించుకో, విటమిన్ డి పరీక్ష గురించి అడుగు. ఉరికి రాగానే తైద (రాగి) అంబలి తాగాల్సిన దానివి, 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. రోజూ రెండు గుడ్లు, పెరుగు, రాత్రికి జొన్న రొట్టె పప్పుతో. పరుగు ఆపావు కదా అని తిండి తగ్గించకు, మానే ఎముకకు అది కావాలి.

మర్రిగూడ అమ్మాయి:
సోమవారం నల్గొండ జనరల్ హాస్పిటల్ ఆర్థో ఓపీకి పోతున్నాను, అమ్మ ఊరి నుంచి వస్తోంది. కోచింగ్ సార్‌కి రేపటి నుంచి రానని చెప్పాను, ఏమీ అనలేదు. ఇప్పుడే అన్నం తిన్నాను.