చర్చిలో ఆదివారం పూజ ఒక్కటే మిగిలింది, రోజూ చేసుకోడానికి తెలుగులో ఏమున్నాయి?

పల్నాటి_కుర్రాడు:
అందరికీ వందనాలు. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ త్రికాల జపానికి (రోజుకి మూడుసార్లు చెప్పే మరియమ్మ ప్రార్థన) గంట, సాయంత్రం ఇంట్లో జపమాల, నెల మొదటి శుక్రవారం పూజ, తపస్సుకాలంలో (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస రోజులు) సిలువ మార్గం, ఇవన్నీ నేను పట్టించుకోకపోయినా వాటంతట అవే జరిగిపోయేవి. ఇప్పుడు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్, రూమ్‌లో నలుగురం, నేనొక్కణ్ణే క్రైస్తవుణ్ణి. ఆదివారం పూజకి వెళ్తాను కానీ ప్రసంగం మొదలయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి. ఫోన్‌లో యాప్‌లు వేశాను, అన్నీ ఇంగ్లిష్, నోటిఫికేషన్ రాగానే పక్కకి తోసేస్తున్నా. యూట్యూబ్‌లో వాక్యం అని కొడితే ఎవరెవరో వస్తారు, అందులో మన కథోలికులెవరో తెలీదు. బైబిల్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోయాను (అందరూ అక్కడే ఆగుతారట). తెలుగులో, రోజూ పావుగంటలో అయ్యేది ఏదైనా ఉంటే చెప్పండి.

ఉపదేశి_గారి_అబ్బాయి:
తమ్ముడూ, ఆదికాండం నుంచి వరసగా చదవాల్సిన పని లేదు. ఏ రోజు ఏం చదవాలో శ్రీసభే (కథోలిక చర్చి) పంచి పెట్టింది, పూజలో చదివే పఠనాలు అవే. మామూలు రోజుల్లో ఒక పఠనం, కీర్తన, సువిశేషం (యేసు జీవితం చెప్పే పుస్తకాల్లోంచి ఒక భాగం), అంతే. సామాన్య కాలంలో (క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండుగ కాలాలు కాని మిగతా వారాలు) మొదటి తొమ్మిది వారాలు మార్కు, పదో వారం నుంచి మత్తయి, ఇరవై రెండో వారం నుంచి చివరిదాకా లూకా. ఆదివారాలకి వేరే లెక్క, మూడేళ్ళ చక్రం, ‘A’ సంవత్సరం మత్తయి, ‘B’ మార్కు, ‘C’ లూకా. అంటే రోజుకో ముక్క చదువుకుంటూ పోతే ఏడాదిలో ఈ మూడు సువిశేషాలూ దాదాపు పూర్తవుతాయి, లేవీయకాండం గొడవే ఉండదు.

కానీ ఊరికే చదివి మూసేయకు. ఉదాహరణకి మార్కు నాలుగో అధ్యాయంలో తుఫాను ఘట్టం తీసుకో. శిష్యులు హడలిపోతుంటే యేసు పడవ వెనక భాగంలో దిండు మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. మత్తయి, లూకా కూడా ఆ సంగతి రాశారు గానీ దిండు మాట మార్కు ఒక్కడే రాశాడు. పగలంతా జనానికి బోధించి అలిసిపోయిన మనిషి. నైట్ షిఫ్ట్ చేసి క్యాబ్‌లో తూలుతూ వచ్చేవాడివి, ఆ దిండు దగ్గర రెండు నిమిషాలు ఆగి ఆయనతో నీ మాట చెప్పుకో. అదే ప్రార్థన. ఆదివారం సువిశేషం మాత్రం శనివారమే చదివి పెట్టుకో, ప్రసంగంలో నిద్ర సగం తగ్గుతుంది. మిగతా సగం ఫాదర్ గారి చేతిలో ఉంటుంది.

కువైట్_సిస్టర్:
నేను నర్సుని, నాదీ నైట్ డ్యూటీలే. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మా వారపు పూజ శుక్రవారమే. పఠనాలు మంచివే కానీ డ్యూటీ దిగాక అక్షరాలు కనపడవు నాయనా. అందుకని నాకు జపమాలే. బస్సులో సీటు దొరికితే అయిదు రహస్యాలు (యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు తలచుకుంటూ చెప్పేవి), ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. లేకపోతే ఒక్కటే, పరలోక జపం, పది మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన), త్రిత్వ స్తోత్రం. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్ర దుఃఖ, బుధ, ఆది మహిమ, గురువారం వెలుగు రహస్యాలు. ఈ వెలుగువి 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చారు, ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ గురువారం పాత పద్ధతే చెప్తారు, వాళ్ళతో వాదన పెట్టుకోకు.

రాత్రి_పది_నిమిషాలు:
ఇద్దరూ బాగా చెప్పారు, నాకు మాత్రం ఒక అభ్యంతరం. ఇతనికి చదవడానికి ఏమీ లేక కాదు ఇబ్బంది, ఎక్కువై. ముందు ఆ యాప్‌లు తీసెయ్యండి బాబూ. యేసు సభ గురువుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా నేర్పిన ఆత్మ పరిశీలనకి పుస్తకం కూడా అక్కర్లేదు. పడుకునే ముందు (మీకైతే పొద్దున్నే) ముందుగా రోజుకి కృతజ్ఞత, తర్వాత వెలుగు ఇమ్మని అడగడం, గంటగంటా వెనక్కి చూసుకోవడం, తప్పుకి క్షమాపణ, రేపటికి ఒక చిన్న నిర్ణయం. టీమ్ లీడ్ మీద ఎందుకు అరిచాను, రూమ్‌మేట్ ఊరి నుంచి ఫోన్ వచ్చి ముఖం వేలాడేసుకుంటే ఎందుకు అడగలేదు, ఇలాంటివే. ఇది రోజూ చేసేవాడికి పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) దగ్గర ‘ఏం చెప్పాలబ్బా’ అన్న టెన్షన్ ఉండదు.

పల్నాటి_కుర్రాడు:
అన్నా, పఠనాలు పట్టుకుంటాను. మొన్న ఒక రోజు సీరా గ్రంథం అని వస్తే నా బైబిల్లో ఎంత వెతికినా లేదు. యూట్యూబ్ సంగతి కూడా చెప్పండి.

ఉపదేశి_గారి_అబ్బాయి:
నీది ప్రొటెస్టంట్లు వాడే 66 పుస్తకాల బైబిల్. మన కథోలికులది 73. కొనేముందు విషయసూచిక తీసి తోబీతు, యూదితు, మక్కబీయులు ఉన్నాయో లేదో చూడు, ఉంటే కథోలిక అనువాదం. విచారణ (మీ చర్చి) ఆఫీసులో అడుగు, లేదా సికింద్రాబాద్‌లోని కథోలిక మాధ్యమ కేంద్రం అమృతవాణిలో కనుక్కో, నీకు దగ్గరే. వినడానికైతే దివ్యవాణి టీవీ, రేడియో వెరితాస్ ఆసియా తెలుగు విభాగం మనవే. మిగతావాళ్ళ విషయంలో నా కొలత ఒకటే. ఈ నెల నీకు ప్రమోషన్ ఖాయం, ఆమెన్ అని కామెంట్ పెట్టు అంటే అక్కడే ఆపేస్తాను. సందేహాలకి 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథం (కథోలిక విశ్వాసాన్ని వివరించే పుస్తకం) ఉంది, చాలా పెద్దది, మొదటి నుంచి కాకుండా ప్రార్థన గురించి ఉన్న నాలుగో భాగంతో మొదలుపెట్టు.

బెజవాడ_బాబాయ్:
అందరూ ఒంటరిగా చేసేవే చెప్పారు. మీ విచారణలో విన్సెంట్ డి పాల్ సభ ఉంటే అందులో చేరు బాబూ. 1833లో పారిస్‌లో ఓజనామ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి, స్నేహితులతో కలిసి మొదలుపెట్టింది. పేదవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని మాట్లాడడం, కావలసింది చూడడం, అదీ దాని పని. మేం ప్రతి ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి ఏడాది భక్తి అయిపోయిందనుకునే బ్యాచ్. అలాంటి నన్ను మంచం పట్టిన ముసలాయన ఇంటికి బియ్యం సంచితో పంపారు, ఆయన బియ్యం వైపు చూడకుండా ‘కాసేపు కూర్చుంటావా’ అన్నాడు. వారానికోసారి వెళ్తే చాలు. మీ విచారణలో ఆ సభ ఏ రోజు కలుస్తుందో ఈ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారిని అడిగి ఇక్కడ రాయి.