అప్‌డేట్: అమ్మ గ్యాస్ పదే పదే చూసుకోవడం ఓసీడీయే

పడుకునే ముందు అమ్మ రెగ్యులేటర్ పదే పదే తిప్పి చూస్తోందని, "కట్టేశానా?" అని అడుగుతూనే ఉంటుందని రాశాను. సైకియాట్రిస్టుకి చూపించమన్న అందరికీ థాంక్స్. ఓసీడీయేనన్నారు, అంటే అక్కర్లేని అనుమానం పదే పదే వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య. ఫ్లూవాక్సమిన్ అనే మందు మొదలుపెట్టి మెల్లగా డోసు పెంచారు. గుణం కనిపించడానికి 8–12 వారాలు పట్టొచ్చన్నారు, అలాగే పట్టింది.

అసలు మార్పు మాత్రం ఈఆర్‌పీ థెరపీతోనే, అంటే భయాన్ని ఎదుర్కొంటూనే మళ్లీ మళ్లీ చూసుకోవడాన్ని ఆపుకోవడం నేర్పే చికిత్స. ఒక్కసారి కట్టేసి, మళ్లీ చూడకుండా హాల్లోకి వచ్చి కూర్చోవాలి. గుండెదడ దానంతటదే తగ్గేదాకా ఆగాలి. "కట్టేశావులే అమ్మా" అని మేం భరోసా ఇవ్వకూడదు. ఇది చాలా కష్టం, ఆమె ముఖం చూస్తే మాట నోటిదాకా వచ్చేస్తుంది.

కొందరు అడిగారు కాబట్టి చెప్తున్నా: థైరాయిడ్ నార్మల్. మతిమరుపు కాదు. వంటింటి వాస్తుకీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు ఒక్కసారి చూసి పడుకుంటోంది. డాక్టర్ చెప్పేదాకా మందు ఆపం.