‘అసూలియా’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజులు గుళ్లకూ, గుడిని నమ్ముకున్న ఊళ్లకూ ఇచ్చిన ‘అసూలియా’ హక్కుకు తెలుగు మాట కావాలి. ఇప్పటి ‘అసైలం’ దీన్నుంచే వచ్చిందట. ‘శరణాలయం’ అనొచ్చా?

జవాబు: శరణాలయం అనగానే మనకు అనాథలు గుర్తొస్తారండీ. ‘సూలాన్’ అంటే బలవంతంగా పట్టుకుపోవడం. ముందున్న ‘అ’ మన ‘అభయం’లో ‘అ’ లాంటిదే. మీ ఊరివాడు నాకు బాకీ ఉంటే, దారిన పోయే మీ సరుకు నేను లాక్కునే ఆచారం అప్పట్లో ఉండేది. అసూలియా దాన్ని ఆపుతుంది.

ఇప్పటి టర్కీ తీరంలో ఉన్న గ్రీకు ఊరు తేయోస్ శాసనం చూడండి, క్రీ.పూ. 203 ప్రాంతానిది. సెల్యూకస్ వంశపు రాజు మూడో ఆంటియోకస్ స్వయంగా ఊరి సభకు వచ్చి, ఊరూ పొలిమేరా డయోనైసస్ దేవుడికి పవిత్రం, ‘అసులోస్’ (అంటే అసూలియా ఉన్నవి), కప్పం లేనివి అని ప్రకటించాడు. అంతకుముందు వాళ్లు పెర్గమాన్ రాజు అట్టాలస్‌కు కప్పం కట్టేవారు. మురిసిపోయిన ఊరు రాజుకూ రాణి లావోడికేకూ దేవుడి విగ్రహం పక్కనే విగ్రహాలు పెట్టింది! ఇందులో కప్పం లేకపోవడం మన సర్వమాన్యానికి (పన్నులేని భూదానానికి) దగ్గర. అసులోస్‌కు నా ఓటు ‘అభయం’.

ప్రశ్న: అభయమంటే ప్రాణాలకు కదా, సరుకులకేమిటి?

జవాబు: కాకతి గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనాన్ని ‘అభయ శాసనం’ అనే అంటాం కదండీ. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప ఏమీ ముట్టుకోననీ చెప్పాడు. సుంకం ముప్పయ్యో వంతు. సరుకు లాక్కోనన్న మాటకే అభయం అని పేరు పడింది. ఒక్క తేడా: అక్కడ దేవుడి పేరు మీద, ఇక్కడ ఓడ వర్తకులకు.

ఇంకొకరు: మరి నేరస్థులు గుళ్లో దాక్కోవడమో?

జవాబు: అది ఎఫెసస్ ఆర్టెమిస్ గుడి కథ. అక్కడ ‘శరణు’ అనడమే నయం. ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు: శరణు హద్దును అలెగ్జాండర్ ఒక స్టేడియం దాకా, అంటే సుమారు 180 మీటర్లు, పెంచాడు. పాంటస్ రాజు మిత్రిడేటిస్ గుడి కప్పు మూల నుంచి బాణం వేసి, అది పడ్డచోటే హద్దన్నాడు. పాత హద్దుకు కాస్త అవతల పడిందట. రోమన్ నాయకుడు ఆంటొనీ దాన్ని రెట్టింపు చేసేసరికి ఊళ్లో కొంత భాగం కూడా లోపలికి వచ్చి, ఊరు దుర్మార్గుల చేతిలో పడింది. చివరికి రోమన్ చక్రవర్తి అగస్టస్ ఆ పెంపును రద్దు చేశాడు.